అరుపుబండ మీద నుంచి రెండు ముద్దలు

మహాజనులారా, ముందుగా నా క్షమాపణలు స్వీకరించండి. కొండ ఎక్కిన అనుభవం రాస్తానని కూర్చుని, కొండ గురించి నాలుగు వాక్యాలు, తిండి గురించి నలభై వాక్యాలు రాయబోతున్నాను. ఇందుకు గాను నగరి కొండల వరుసకూ, ఆ కొండల్లో కొలువున్న సమస్త దేవతలకూ, పొద్దున్నే ఖాళీ కడుపుతో నడవమని చెప్పే వైద్యులకూ, ఆదివారం నేను ఇంట్లో ఉండనని తెలిసీ నాకోసం దోసెపిండి రుబ్బిన మా అమ్మకూ, జలపాతం ముందు నిలబెట్టినా నా బొటనవేలినే ఫొటో తీసిన నా ఫోనుకూ సాష్టాంగపడి క్షమాపణ వేడుకుంటున్నాను. ఇంత చిన్న నేరానికి ఇంత పెద్ద క్షమాపణ మన జిల్లా చరిత్రలో ఎవరూ చెప్పి ఉండరు. చెప్పాల్సిన చోట నోరు పెగలనివాడే చెప్పనక్కరలేని చోట ఇలా ధారాళంగా చెబుతాడని మా అమ్మ అంటుంది. ఆవిడ మాట పట్టించుకోకండి. ప్రస్తుతానికి.

తేనెకోన అనే పేరు మీ మ్యాపులో వెతికితే దొరకదు. తిరుపతి నుంచి పుత్తూరు పోయే దారిలో వడమాలపేటలో దిగి, ఆటోలో ఎనిమిది కిలోమీటర్లు లోపలికి పోతే, తారురోడ్డు ఓపిక నశించి మట్టిదారిగా మారిపోయే చోటు ఒకటి వస్తుంది. అక్కడి నుంచి గంటన్నర నడక. పైన జలపాతం, కింద ఒక రేకుల పాక. ఆ పాకలో మునెమ్మక్క చేసే రాగిసంగటి, నాటుకోడి పులుసు. జలపాతం చూసి రావడానికి సంగటి తింటారో, సంగటి తినడానికి జలపాతం దాకా పోయి వస్తారో ఇప్పటికీ తేలని విషయం. నా ఓటు మాత్రం సంగటికే.

ఆ దారి నాకు మొదట చూపించింది చదువు. తిరుపతిలో డిగ్రీ బోటనీ చదివేటప్పుడు, ఆకులు కోసుకొచ్చి అట్టల మీద అంటించాలని మేష్టారు మా ఐదుగురిని ఆ కోనకు పంపారు. ఆకులు ఎన్ని తెచ్చామో గుర్తు లేదు. ముద్దలు మాత్రం ఏడు తిన్నాం. ఆ ఐదుగురిలో నేను ఒకడిని, హేమ ఒకతె. హేమది పుత్తూరు. విరిగిన ఎముకలకు కట్టు కట్టడంలో పుత్తూరు పేరు మీకు తెలిసే ఉంటుంది. కొండ మీద నేను రాళ్ళ మీద నుంచి దూకినప్పుడల్లా, "కాలు విరిగితే మా ఊరికే తీసుకపోతా, ఆటో చార్జి మాత్రం నీదే" అనేది. డిగ్రీ అయ్యాక మిగతా ముగ్గురినీ బెంగళూరు, చెన్నై మింగేశాయి. మేమిద్దరం మిగిలాం. నెలకో, రెండు నెలలకో ఒక ఆదివారం, నేను తిరుపతి వైపు నుంచి, తను పుత్తూరు వైపు నుంచి వచ్చి వడమాలపేటలో కలుసుకునేవాళ్ళం. అలా ఐదేళ్ళు. పోయిన ఏడాది హేమకు బ్యాంకు ఉద్యోగం వచ్చి సోలాపూర్ వెళ్ళిపోయింది. అప్పటి నుంచి మేం మాట్లాడుకోలేదు. తప్పు నాది. ఏం తప్పో అరుపుబండ దగ్గరికి చేరాక చెబుతాను, అది అక్కడే జరిగింది కనుక.

ఇప్పుడు ఈ ప్రయాణం ఎందుకంటే, హేమ వాళ్ళ అన్న పెళ్ళికి వారం రోజుల సెలవు పెట్టి వచ్చింది. పెళ్ళి బుధవారం అయిపోయింది. సోమవారం పొద్దున రేణిగుంటలో రైలు. ఈ వివరాలన్నీ నాకు చెప్పింది మా బ్యాచ్ గ్రూపు, హేమ కాదు. అంటే మధ్యలో మిగిలింది ఒక్క ఆదివారం. వారం ముందే మెసేజ్ రాశాను. "ఆదివారం, తేనెకోన, మామూలు టైమే, రాగలవా" అని రాసి, నాలుగుసార్లు చదివి, ఒక కామా కూడా సరిచేశాను. జవాబు రాలేదు. రాకపోయినా నేను వెళ్ళాలనే అనుకున్నాను. తను వస్తే నేను లేకపోవడం కంటే, నేను ఉండి తను రాకపోవడం నయం అనిపించింది. ఇదీ ప్రయాణానికి కారణం. ఆకలి రెండో కారణం, కానీ బలమైనదే.

కొండ ఎక్కే ముందు ఏం తినాలన్నది ఒక శాస్త్రం. తిరుపతి బస్టాండు వెనక వీధిలో సెల్వి అక్క తోపుడు బండి పొద్దున ఐదింటికే పొగలు కక్కుతూ ఉంటుంది. తిరుత్తణి వైపు నుంచి కోడలుగా వచ్చిన మనిషి, లెక్క అరవంలో వేసి డబ్బు తెలుగులో అడుగుతుంది. మూడు ఇడ్లీలు ఇరవై ఐదు రూపాయలు, పక్కన ఎర్రకారం, పల్చటి శనక్కాయ చట్నీ. నాలుగో ఇడ్లీ జోలికి పోకండి. నాలుగో ఇడ్లీ తిన్నవాడు మొదటి ఎత్తు దగ్గరే కూర్చుని ప్రకృతి సౌందర్యం గురించి మాట్లాడటం మొదలుపెడతాడు. ఆయాసాన్ని కప్పిపుచ్చుకోవడానికి అంతకు మించిన మార్గం లేదు. నేను ఈ ఆదివారం రెండే తిన్నాను. మూడోది ప్లేటులోనే ఉండిపోయింది. సెల్వి అక్క దాన్ని చూసి, తర్వాత నా మొహం చూసి, పరీక్ష ఏమైనా రాస్తున్నానా అని అడిగింది. దాదాపు అంతే అన్నాను.

ఆరుంబావుకి పుత్తూరు బస్సు. పల్లెవెలుగు ఎక్కితే వడమాలపేటకు నలభై రూపాయల లోపే. రేణిగుంట దాటాక కుడివైపు కిటికీ దొరికితే మంచిది, తెల్లవారుతుంటే కొండలు ఒకదాని వెనక ఒకటి నిద్ర లేస్తూ కనిపిస్తాయి. కార్తీకం ముగిసిన తర్వాతి ఆదివారం ఇది. నెల రోజులు ఉపవాసాలూ, పప్పూ, ఆకుకూరలతో గడిపిన భక్తజనం మొహాల్లో ఈ పొద్దున ఒక తేజస్సు కనిపించింది. నా పక్కన కూర్చున్న పెద్దాయన ఒళ్ళో గోనెసంచిలో బతికున్న కోడి ఒకటి ఉంది. కూతురి ఇంటికి తీసుకుపోతున్నాడట. కోడికి కాళ్ళు కట్టేశాడు గానీ నోరు కట్టలేదు. వడమాలపేట దాకా అది ఏదో చెబుతూనే వచ్చింది. ఈరోజు ఆ బస్సులో మనసులో ఉన్నది బయటికి చెప్పినది అదొక్కటే.

ఏడింటికల్లా దిగాను. వడమాలపేట కూడలిలో టీ అంగడి మాకు పాత అడ్డా. తను ముందొస్తే బెంచీ మీద ఎడమ కొసకు కూర్చునేది, నేను ముందొస్తే కుడి కొసకు. మధ్యలో బ్యాగులు. నేను కుడి కొసకు కూర్చుని అల్లం టీ చెప్పాను. పక్కనే ఒకావిడ బుట్టలో నిమ్మకాయ చిత్రాన్నం పొట్లాలు అమ్ముతుంది, ఒకటి ఇరవై ఐదు, ఎనిమిది దాటితే దొరకదు. పైకి పోయేవాళ్ళు తప్పకుండా కొనుక్కోవాలి, కొండ మీద నీళ్ళు తప్ప ఏమీ ఉండవు. ఒక పొట్లం కొన్నాను. కాసేపాగి ఇంకోటి కొన్నాను. పుత్తూరు వైపు నుంచి ఏడున్నరకు ఒక బస్సు వచ్చింది. పాలక్యాన్లు దిగాయి, ఇద్దరు పిల్లలు దిగారు. ఏడూ యాభైకి ఇంకో బస్సు వచ్చింది. దిగినవాళ్ళందరి మొహాలూ ఓటరు జాబితా సరిచూసే ఉద్యోగిలాగా శ్రద్ధగా పరిశీలించాను.

ఆటో మస్తాన్ భాయ్‌కి మేం ఇద్దరం తెలుసు. మమ్మల్ని కోనకు తీసుకెళ్ళేది ఎప్పుడూ ఆయనే. ఒక వైపుకు నూటయాభై, తిరిగి రావడానికి టైము చెబితే వచ్చి నిలబడతాడు. ఆయన ఒక్కో బస్సుకు ముందూ ఒకసారి అడిగిపోయి, ఓపికగా బీడీ కాల్చుకుని, రెండో బస్సు కూడా పోయాక మళ్ళీ నా దగ్గరికి వచ్చాడు.

"ఆ పాప రాలేదా అప్పా?"

వచ్చే బస్సులో వస్తుందని చెప్పాను.

"పోయిన బస్సుకీ ఇదే మాట చెప్పినావు. అంతకు ముందు బస్సుకీ ఇదే చెప్పినావు." ఆటో సీటు మీద దుమ్ము దులిపి ఆయన అన్నాడు. "నాకేం, నేను కూసుంటా. ఎండ మాత్రం మన కోసరం కూసోదు."

మూడో బస్సు కూడా చూశాను. తర్వాత ఆటో ఎక్కాను. ఎనిమిది కిలోమీటర్లూ వెనక సీటులో నేనొక్కడినే ఒక మూలకు ఒదిగి కూర్చున్నానని, మిగతా సీటంతా ఖాళీగానే ఉందని, మధ్యలో మస్తాన్ భాయ్ అద్దంలో చూసి చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఎనిమిదిన్నరకు పాక దగ్గర దిగేసరికి పొయ్యి చల్లగా ఉంది. మునెమ్మక్క ఊరు అక్కడికి రెండు కిలోమీటర్లు. మేకలను తోలి, ఇంటి పని చూసుకుని పదింటికి గానీ పాకకు రాదు. కాబట్టి పోయేటప్పుడు ఆవిడకు ఏమీ చెప్పే వీలుండదు. ఎంతమంది పైకి పోయారో ఆవిడకు తెలియదు, పైకి పోయినవాళ్ళలో ఎంతమంది ఆకలితో దిగుతారో అసలే తెలియదు. అక్కడ సెల్ సిగ్నల్ లేదు. సంగటి చూస్తే ముందు చేసి పెట్టే వస్తువు కాదు. వేడి మీద వెన్న, చల్లారితే కొండలో ఇంకో రాయి. ఈ చిక్కు విప్పడానికి మునెమ్మక్క పెట్టిన పద్ధతి ప్రపంచంలో ఇంకెక్కడా ఉండదని నా నమ్మకం.

దిగే దారిలో, చివరి మలుపు దగ్గర, లోయలోకి చొచ్చుకొచ్చిన ఒక బల్లబండ ఉంది. అరుపుబండ అంటారు. దాని మీద నిలబడితే కింద పాక అగ్గిపెట్టంత కనిపిస్తుంది. అక్కడి నుంచి దిగడానికి ఇరవై నిమిషాలు పడుతుంది, సంగటి ఉడకడానికీ అంతే. ఆ బండ మీద నిలబడి ఎన్ని ముద్దలు కావాలో అరవాలి. ఒక్క అంకె చాలు. కింద మునెమ్మక్క విని, ఇనుప గరిటెతో స్టీలు కంచం మీద అన్ని దెబ్బలు కొడుతుంది, విన్నాను అని చెప్పడానికి. నాలుగంటే నాలుగు దెబ్బలు. ఆ తర్వాతే ఎసట్లో పిండి వేస్తుంది. ఒక్కటే షరతు, అరిచిన ముద్ద తినాలి. కొత్తగా వచ్చిన చెన్నై కుర్రాళ్ళు ఉత్సాహంగా ఆరు, ఆరు అని రెండుసార్లు అరిచి, పన్నెండు ముద్దల ముందు కూర్చుని ఏడుపు మొహాలు పెట్టడం నేను కళ్ళారా చూశాను.

ఇక కొండ గురించి నేను బాకీ ఉన్న నాలుగు వాక్యాలు. మొదటి అరగంట తేలిక, తర్వాత మెట్లలాంటి రాళ్ళు, చివర వాగులోనే నడక, కాబట్టి తడిసినా జారని చెప్పులు వేసుకోండి. వానలు పడ్డ సంవత్సరం అయితే సంక్రాంతి దాకా నీళ్ళుంటాయి, తర్వాత సన్నబడిపోతాయి. ఈసారి నీళ్ళు బాగా ఉన్నాయి, మోత అర కిలోమీటరు ముందే వినిపించింది. అంతే.

పదింటికి జలపాతం చేరి, ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుని, చిత్రాన్నం పొట్లం విప్పాను. హేమ అక్కడ కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని కూర్చునేది. తన పొట్లంలో వేరుశనక్కాయ పప్పులు ముందే ఏరుకుని తినేసి, తర్వాత నా పొట్లంలోవి మొదలుపెట్టేది. నేను పైకి గొడవ చేసేవాడిని గానీ, పప్పులన్నీ తన చేతికి అందే వైపుకే నెట్టేవాడిని. దీన్ని తను కనిపెట్టిందో లేదో ఐదేళ్ళలో నేను అడగలేదు. ఈసారి పప్పులన్నీ నావే. ఒక్కటీ పోలేదు. తింటుంటే అర్థమైంది, వాటికి పెద్ద రుచేమీ లేదని. రెండో పొట్లం విప్పకుండా పక్కన పెట్టాను. అరగంట తర్వాత ఒక కోతి వచ్చి, నా వైపు చూసి, ఎవరూ రారులే అన్నంత ధీమాగా దాన్ని తీసుకుని పోయింది. నేను అడ్డు చెప్పలేదు. వాదించడానికి నా దగ్గర రుజువులేమీ లేవు.

పన్నెండుంబావుకి అరుపుబండ మీదికి చేరాను. ఇక చెప్పాలి.

పోయిన ఏడాది ఇదే బండ మీద, దిగుతూ దిగుతూ హేమ ఆగింది. తను అరిచే వంతు అది. వంతులు ఉండేవి మాకు. కానీ అరవకుండా నా వైపు తిరిగి, "ఆర్డరొచ్చింది. సోలాపూర్. ఇంట్లో అంత దూరం వద్దంటా ఉండారు. పొమ్మంటే పోతా, వద్దంటే ఇంకో పరీక్ష రాస్తా. నువ్వేం చెప్తావు?" అంది. అడిగిన తీరు మామూలుగానే ఉంది. చేతులు మాత్రం బ్యాగు పట్టీని మెలితిప్పుతున్నాయి. నాకు చెప్పాల్సిన మాట తెలుసు. రెండేళ్ళుగా తెలుసు. ఆ మాట చెప్పడం కంటే కొండ మీద నుంచి దూకడం తేలికనిపించింది. అందుకని నేనేం చేశానంటే, నవ్వి, లోయ వైపు తిరిగి, రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, "ఒకటే" అని అరిచాను.

జోకు. ఇక నుంచి ఒక ముద్ద చాలు, నువ్వు పోతున్నావు కదా అని. ఆ క్షణంలో అది నాకు చాలా గొప్ప జోకుగా తోచింది. కింద మునెమ్మక్క గరిటె ఒక్క దెబ్బ కొట్టింది. ఆ దెబ్బ లోయంతా తిరిగి మా దగ్గరికి వచ్చింది. హేమ నవ్వలేదు. సరే అంది. దిగాం. పాకలో ఒకే విస్తరి, ఒకే ముద్ద. మునెమ్మక్క తెల్లబోయి ఇంకోటి చేస్తానంది. ఆకలి లేదని చెప్పి హేమ మస్తాన్ భాయ్ ఆటోలో వెళ్ళిపోయింది. ఆ ముద్ద నేను తిన్నాను, అరిచినవాడిని కాబట్టి. వారం తిరక్కుండానే తను సోలాపూర్‌లో చేరిందని గ్రూపులో తెలిసింది. అందరితో పాటు నేనూ బొటనవేలు గుర్తు పెట్టాను.

ఈ ఆదివారం ఆ బండ మీద ఒక్కడినే నిలబడి చాలాసేపు కింద పాకను చూశాను. పొగ లేస్తోంది. న్యాయంగా అరవాల్సిన అంకె ఒకటి. తినగలిగిందీ ఒకటే. కానీ ఆ మాట ఆ బండ మీద నుంచి ఇంకోసారి నా నోటి నుంచి రాలేదు. ప్రయత్నించాను కూడా. చివరికి గట్టిగా, "రెండు" అని అరిచాను. కాసేపు ఏమీ వినబడలేదు. వినలేదేమో, సర్దుకోవడానికి ఇంకా సమయముందేమో అనుకున్నాను. అప్పుడు కింద నుంచి టంగ్ మంది. కొంచెం ఆగి, ఇంకోసారి.

దిగేసరికి అడ్డాకుల విస్తర్లు రెండు పరిచి ఉన్నాయి, ఎదురెదురుగా. మునెమ్మక్క తడిచేత్తో పలక మీద రెండో ముద్దను దొర్లిస్తోంది. మొదటిది నా విస్తట్లో పొగలు కక్కుతోంది. కొత్తవాళ్ళకు చెప్పేదేమంటే, సంగటిని నమలకూడదు. ముద్ద నడుమ బొటనవేలితో గుంట చేసి నెయ్యి పోయించుకుని, కొంచెం తుంచి, పులుసులో ముంచి, మింగెయ్యాలి. నాటుకోడి పులుసులో ఎండుకొబ్బరి, గసగసాలు, చిత్తూరు వైపు కారం. పక్కన ఊరిబిండి, అంటే వేయించిన వేరుశనక్కాయలూ మిరపకాయలూ రోట్లో కచ్చాపచ్చాగా నూరినది. హేమ పులుసు కంటే ఊరిబిండికే ఎక్కువ మర్యాద ఇచ్చేది. ముద్దా కూరా కలిపి నూట ఇరవై. కోడి వద్దనుకుంటే డెబ్బై.

మునెమ్మక్క నా వెనకాల దారి వైపు చూసింది. తర్వాత రెండో ముద్ద పట్టుకునే అడిగింది.

"ఏమి నాయనా, రెండు కొట్టినాను గదా. రెండోది ఎవురికి?"

ఆకలి ఎక్కువగా ఉంది అక్కా అన్నాను.

"బొంకొద్దు. నువ్వు ఒకటి తినేదానికే సగం దినం సేస్తావు." ముద్దను ఎదురు విస్తట్లో పెట్టి, చెంగుతో చెయ్యి తుడుచుకుంది. "మీ ఇద్దురికీ లెక్క రాదా ఏమి? సదువుకున్నోళ్ళు గదా."

ఇద్దరికీ అంటే ఎవరని అడిగాను.

"బేస్తవారం ఆ పాప వచ్చింది. వాళ్ళన్న బండి ఏసుకోని, ఒగతే. పొద్దునెప్పుడో ఎక్కినట్టుండాది. నేను పొయ్యి ఎలిగిస్తా ఉంటే పైనించి రెండు అని అరిసింది. గొంతు గుర్తు పట్టినా. మళ్ళీ కలిసినారు లెమ్మని సంతోషపడి రెండు కొట్టినా. కిందికి దిగినాక సూస్తే ఒగతే."

గురువారం. నేను ఆఫీసులో కూర్చుని, మెసేజ్‌లో కామా సరిచేస్తున్న రోజు.

ఏమందని అడిగాను.

"నువ్వేమన్నావో అదే అనింది. ఆకలంట. సగం ముద్ద తినింది. ఆ రెండో ఇస్తరి ముందర శానా సేపు ఊరికే కూసోని ఉన్నింది. ఆ అబ్బోడు రాలేదా అని నేనే అడిగినా." మునెమ్మక్క పొయ్యిలో కట్టె లోపలికి నెట్టింది. "వాడు పిలవలేదక్కా అనింది."

ఇలాంటి చోట పనికొచ్చే జోకులు నా దగ్గర కనీసం మూడు ఉన్నాయి. ఒకటీ నోటికి రాలేదు. సంగటి మింగడం సులువని పైన రాశాను కదా, ఆ ముద్ద మాత్రం దిగడానికి చాలా సేపు పట్టింది. నాది పూర్తి చేశాను. రెండోదాంట్లో సగం తిన్నాను. ఆ పైన వల్ల కాలేదు. షరతు తప్పానని ఒప్పుకున్నాను. మునెమ్మక్క మిగిలిన సగాన్ని తీసి మట్టికుండలో నీళ్ళలో వేసింది.

"రేప్పొద్దున మజ్జిగేసుకోని తాగుతా, పుల్లగా బాగుంటాది. బేస్తవారందీ అట్టే తాగినా. మీరు ఇట్ల వంతులేసుకోని అరస్తా ఉంటే నాకు ఇంట్లో వంట పనే ఉండదు."

మూడింటికి మస్తాన్ భాయ్ వచ్చాడు. సీటు మూలకు ఒదిగి కూర్చోవద్దనీ, ఆటో ఒక పక్కకు లాగుతోందనీ చెప్పాడు. మధ్యలో కూర్చున్నాను.

ఇది ఆదివారం సాయంత్రం తిరుపతిలో మా ఇంటి మిద్దె మీద కూర్చుని రాస్తున్నాను. కింద అమ్మ పొద్దుటి పిండితో దోసెలు పోస్తోంది. కడుపులో చోటు లేదంటే నమ్మడం లేదు. కొండకు ముందూ కొండకు తర్వాతా తినే చోట్ల గురించి రాయమని చాలామంది అడిగారు కాబట్టి ఇవన్నీ రాశాను. సెల్వి అక్క ఇడ్లీ, వడమాలపేట చిత్రాన్నం, తేనెకోన సంగటి, మూడూ నిజంగానే గొప్పవి, వెళ్ళి తినండి. కానీ నాకు ఇన్నేళ్ళూ ఆ రుచి ఆ వంటల్లో ఉందని ఒక నమ్మకం ఉండేది. ఇప్పుడు చూస్తే, బెంచీ ఎడమ కొసన ఉండేది కొంత, నా పొట్లంలో పప్పులు ఏరుకునే వేళ్ళల్లో ఉండేది కొంత. ఎదురుగా విస్తరి ఖాళీగా ఉన్నప్పుడు మునెమ్మక్క చెయ్యి కూడా అంతకు మించి ఏమీ చేయలేదు. ఆవిడ చేయగలిగిందల్లా, మేం అరిచింది విని, అన్నే దెబ్బలు కొట్టడం.

వెళ్ళేవాళ్ళకు ఒకే ఒక్క సలహా. అరుపుబండ మీద అంకె ఒక్కసారే, గట్టిగా అరవండి. గరిటె దెబ్బలు లెక్కపెట్టుకున్నాకే కదలండి. తప్పు దొర్లిందనిపిస్తే సిగ్గుపడకుండా అక్కడే నిలబడి మళ్ళీ అరవండి. ఆవిడ పిండి వేసేలోపు ఎన్నిసార్లయినా దిద్దుకోవచ్చు. ఇరవై నిమిషాలు నడిచి కిందికొచ్చాక దిద్దుకోవడానికి ఏమీ ఉండదు.

ఇక ఒక ఒప్పుకోలు. వారం ముందే మెసేజ్ రాశానని చెప్పాను, జవాబు రాలేదని చెప్పాను. రెండూ నిజమే. పంపానని మాత్రం ఎక్కడా అనలేదు, కావాలంటే పైకి వెళ్ళి చూసుకోండి. వారమంతా అది నా ఫోనులోనే ఉంది, కామాతో సహా. ఈ మొత్తం ప్రయాణంలో నేను నిజంగా చేసిన పని ఒక్కటే. మధ్యాహ్నం మూడూ నలభైకి, వడమాలపేట కూడలిలో సిగ్నల్ తిరిగి రాగానే, ఆ పాతది చెరిపేసి కొత్తది రాశాను. "పోయిన ఏడాది ఒకటి అని అరిచినందుకు క్షమించు. ఈరోజు రెండు అని అరిచాను. రేపు పొద్దున రేణిగుంట స్టేషన్‌కి వస్తాను" అని రాసి, పంపేశాను. చివర ఒక జోకు కూడా రాసుకున్నాను. పంపే ముందు అది తీసేశాను.